స్టీమరు గ్రౌండు గరిక

వినాయకుడికి ఇరవై ఒక్క గరిక పోచలు కావాలి. స్టీమరు గ్రౌండులో ఆ పోచల కోసం పల్లంరాజు ఏనాడూ వెతుక్కోలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా తెల్లవారగానే చెప్పులు గేటు దగ్గర విడిచి, ఎక్కడ వంగితే అక్కడ గుప్పెడు కోసుకుని, గ్యాలరీ మెట్ల పక్క గూటిలో ఉన్న స్వామి ముందు పెట్టి దండం పెట్టుకునేవాడు. ఆ మే నెల ఉదయం మాత్రం పదకొండు పోచలే దొరికాయి. పన్నెండోదాని కొస పసుప్పచ్చగా తిరిగి ఉంది. పండుబారినది దేవుడికి పెట్టకూడదని దాన్ని పక్కన వేసి, మోకాళ్ళ మీద కూర్చుని నేలకేసి చూశాడు.

మట్టి మీద సన్నటి తెల్లపొర. సున్నం గీత చెదిరిందేమో అనుకున్నాడు గాని గీత పది అడుగుల అవతల ఉంది. చూపుడువేలు తడిచేసి ఆ పొరకి అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు.

ఉప్పు.

లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ అద్దాడు. అక్కడా ఉప్పే. నడిమధ్యలోనూ ఉప్పే. రెండో గోలు దగ్గరా అద్ది చూసి, పోస్టుకి ఆనుకుని కూర్చున్నాడు. ఫుట్‌బాల్ సంఘం నుంచి పెద్దాయన వచ్చి గ్రౌండు చూసే రోజుకి సరిగ్గా పంతొమ్మిది రోజులుంది.

పల్లంరాజుది గోదావరి మీద వేట చేసుకునే కుటుంబం. తండ్రీ తాతా వలల మీదే బతికారు. ఇరవై ఏడో ఏట, గోలుపోస్టుకి కట్టిన వల చిరిగిందని ఎవరో కబురు పెడితే బాగుచేయడానికి ఇక్కడికి వచ్చాడు. పొద్దు వాలేలోపు పాతది విప్పేసి కొత్త వలే కట్టేశాడు. బజారులో కొన్న వల రెండేళ్ళకి పీలికలయ్యేది, అతని చేతి వల ఏడేళ్ళు నిలిచింది. వల చూసుకోవడానికని ఉండిపోయినవాడు గడ్డి కోయడం, రోలరు లాగడం, సున్నం గీతలు గీయడం ఒక్కొక్కటీ తన మీద వేసుకున్నాడు. గ్రౌండులోకి చెప్పులతో అడుగు పెట్టడు. ఇంకొకళ్ళని పెట్టవద్దని అనడు. అయినా అతన్ని చూసి చాలామంది గేటు దగ్గరే విడిచి వచ్చేవారు.

స్టీమర్లు తిరిగిన రోజుల్లో రేవు వెనకాల ఉండేది కాబట్టి గ్రౌండుకి ఆ పేరు. స్టీమర్లు పోయాయి, రేవు పూడిపోయింది, పేరు మిగిలింది. గ్యాలరీ అరవై ఏళ్ళనాటి ఇటుకల కట్టుబడి. ఒకప్పుడు కాకినాడ నుంచీ విశాఖపట్నం నుంచీ జట్లు వచ్చేవి. మొగల్తూరు నుంచి జనం సైకిళ్ళ మీద వచ్చి, చోటు చాలక గోడలెక్కి చూసేవారు. ఆ సందడి పోయి ఇరవై రెండేళ్ళయింది. గ్యాలరీ పగుళ్ళలో రావిమొక్కలు మొలిచాయి.

వాటిని పీకించి, గ్యాలరీకి మళ్ళీ ప్రాణం పోసినవారు క్లబ్బు సెక్రటరీ శ్రీనివాసరాజు గారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. నాలుగేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి, స్టేడియం బాగుచేయడానికి మంజూరు తెచ్చారు. గ్యాలరీకి ప్లాస్టరింగు, నీలం రంగు, ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదులకి టైల్సు, గేటు మీద వెలిగే అక్షరాలు. ఇన్నీ అయ్యాక రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘానికి ఉత్తరం రాశారు. ఆగస్టులో జరిగే రాష్ట్ర చాంపియన్‌షిప్ ఆఖరి ఆటలు మా ఊళ్ళో పెట్టండి అని.

ఆ ఉత్తరం వెనక ఒక భయం ఉంది. ఈ ఏడాది పెద్ద ఆటలు రాకపోతే ఆ స్థలంలో చేపల మార్కెట్టు కడతామని ఊరి పెద్దలు తీర్మానం రాసేసుకున్నారు. ఖాళీగా పడి ఉన్న నేల ఎన్నాళ్ళని ఉంచుతామని వాళ్ళ వాదన.

టీ బడ్డీ దగ్గర జనం శ్రీనివాసరాజు గారిని ఆటపట్టించేవారు. "మాస్టారూ, ముసలమ్మకి పట్టుచీర కడితే పెళ్ళికొడుకులు వచ్చేస్తారంటారా?" అని ఒకాయన అడిగితే, ఆయన గ్లాసు కింద పెట్టి, "పెళ్ళి మాట తరవాతండి. చూడ్డానికి వస్తామని మాత్రం ఉత్తరం వచ్చింది" అన్నారు. నవ్వినవాళ్ళే ఆ పూట ఆయన టీకి డబ్బులివ్వనివ్వలేదు.

అలా చూడ్డానికి వచ్చే రోజు కోసమే నేల సరిచేయడం మొదలుపెట్టాడు పల్లంరాజు. గ్రౌండుకి నడుమ పల్లం. నాలుగు చినుకులు పడితే నీళ్ళు నిలిచిపోతాయి. బాగుచేయడానికి వచ్చిన మంజూరంతా గ్యాలరీకే సరిపోయింది, నేల ఊసు అందులో లేదు. సంగతి తెలిసి, ఊరవతల చెరువులున్న ఆంజనేయరాజు గారు తనంతట తాను కబురు చేశారు. ఎండాకాలం చెరువులో నల్లమట్టి తీసి పొలాలకి తోలుకోవడం ఈ ప్రాంతంలో తాతల నాటి పద్ధతి. ఆ మట్టి పడిన చేను ఎలా పచ్చబడుతుందో అందరూ ఎరుగుదురు.

"నా చెరువు ఎండి ఉందయ్యా. ఇరవై ట్రక్కుల మట్టి నేనే తోలిస్తాను. ఆటల పుణ్యంలో నాకూ ఇంత వాటా ఉండనీ" అన్నారాయన.

ఆ చెరువు పల్లంరాజుకి కొత్త కాదు. పదేళ్ళ కిందట అందులో బొచ్చె, శీలావతి చేపలు పెంచేవారు. పట్టుబడి రోజుల్లో తానూ వల లాగాడు. మంచినీళ్ళ చెరువు. రెండేళ్ళ నుంచి అందులో రొయ్యలు వేస్తున్నారనీ, వాటి కోసం బోర్ల నుంచి ఉప్పునీళ్ళు పెడుతున్నారనీ విన్నాడు. ట్రాక్టరు మొదటి ట్రక్కు దింపినప్పుడు మట్టి నల్లగా నిగనిగలాడింది. ఒక గడ్డ చేతిలోకి తీసుకున్నాడు. చిదిపాడు. నాలుక మీద పెట్టుకోవాలని చెయ్యి పైకి లేచింది కూడా.

ఎదురుగా ఆంజనేయరాజు గారు నిలబడి ఉన్నారు. తెల్లపంచె మీద దుమ్ము పడుతున్నా కదలడం లేదు. కూలీల కోసం ఇంటి నుంచి కావిడి కుండతో మజ్జిగ తెప్పించారు. మొదటి గ్లాసు తన చేత్తో పల్లంరాజుకే ఇచ్చారు. ఇంత ప్రేమగా తెచ్చిన మనిషి ముందు ఆయన మట్టిని రుచి చూడటమంటే, పెళ్ళిలో వడ్డించినదాన్ని వాసన చూసి తిన్నట్టు ఉంటుందనిపించింది. లేచిన చెయ్యి దించేసుకున్నాడు.

"బాగుందా?" అన్నారాయన.

"ఆయ్, బంగారంలా ఉందండి" అన్నాడు పల్లంరాజు, మజ్జిగ తాగుతూ.

మట్టి పరిచి, ట్యాంకరు నీళ్ళు రెండుసార్లు పెట్టాడు. అడుగునున్న ఉప్పు ఆ తడితో పైకి లేచి, ఎండకి పొరలా కట్టింది.

ఆ ఉదయమే శ్రీనివాసరాజు గారి ఇంటికి వెళ్ళి సంగతి చెప్పాడు. ఆయన పూజలోంచి లేచి వచ్చారు. విని అరుగు మీద కూర్చున్నారు.

"పైన మట్టి గీకేస్తే?"

"గరికా దాంతోపాటే లేచిపోతుందండి. వేళ్ళు అందులోకి దిగిపోయాయి."

"మరి దారేంటయ్యా?"

"మంచినీళ్ళు నిలగట్టి, ఉప్పు కిందికి దింపి, పక్కకి తీసెయ్యాలండి. మూడు నాలుగు తడులు కావాలి. కాలవ ఉంటే రెండు రోజుల పని."

మరమ్మతుల కోసం కాలవలు కట్టేసి నెల దాటింది. లాకుల కింద గేదెలు పడుకుంటున్నాయి. మళ్ళీ నీళ్ళు వదిలేది జూన్‌లోనే.

వచ్చే ముందు పల్లంరాజు గుమ్మం దగ్గర ఆగాడు. "మట్టి సంగతి ఆంజనేయరాజు గారికి చెప్పకండి. నొచ్చుకుంటారు. చూసుకోకుండా వేసింది నేను."

మాస్టారు లోపలికి వెళ్ళి రెండు అరటిపళ్ళు తెచ్చి అతని చేతిలో పెట్టారు. ప్రసాదం, ముందు తిను అన్నారు.

ఆ వారమంతా పల్లంరాజు నీళ్ళ కోసం తిరిగాడు. గ్రౌండు గోడ దాటితే వశిష్ఠ గోదావరి. అంత నిండుగా పారే తల్లి ఒడ్డున నిలబడి దోసిలితో తీసి రుచి చూస్తే, సముద్రపు పోటు ఎక్కివచ్చి ఆ నీళ్ళూ ఉప్పగానే ఉన్నాయి. "నువ్వు కూడానా తల్లీ" అన్నాడు మెల్లగా. మంచినీళ్ళ చెరువు కాపలాదారు పాపం మంచివాడే. "మీకివ్వాలనే ఉంది బాబాయ్. కాని ట్యాంకర్లు ఆపేశాం, కుళాయిలే రోజు మార్చి రోజు వదులుతున్నాం. ఊరి గొంతు ఎండబెట్టి గడ్డికెలా పొయ్యను" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. రంగులు వేసిన కాంట్రాక్టరు మనిషి మాత్రం ధైర్యం చెప్పాడు. "ఇంత బెంగ దేనికండి. పచ్చరంగు మిగిలే ఉంది. ముందురోజు మిషనుతో కొట్టేద్దాం. ఫొటోలో పచ్చగా పడుతుంది." పల్లంరాజుకి కోపం రాలేదు. అతను నిజంగానే సాయం చేద్దామనుకున్నాడని తెలుసు. తల అడ్డంగా ఊపి వచ్చేశాడు.

గరిక రోజురోజుకీ పాలిపోయింది. ఒక ఉదయం స్వామి ముందు పెట్టడానికి ఐదే పోచలు దొరికాయి. "ఇవే ఉన్నాయి తండ్రీ" అని పెట్టి, మెట్టు మీద తల ఆన్చి కూర్చున్నాడు. భార్య వీరవేణి అన్నం గిన్నె తెచ్చి అక్కడే చూసింది అతన్ని.

వీరవేణి గ్రౌండు గేటుకి ఎదురుగా రోడ్డు పక్కన గొడుగు కింద చేపలమ్ముతుంది. ఇరవై ఏళ్ళుగా అదే చోటు. ఎండకి మొహం కమిలిపోయింది. మార్కెట్టు కడితే ఆమెకీ, ఆమె పక్కన కూర్చునే ఆడవాళ్ళకీ సిమెంటు దిమ్మ, పైన కప్పు, పక్కన కుళాయి వస్తాయి. ఆ సంగతి ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

"తిను" అంది.

"నీకు నీడొస్తుందిలేవే. గ్రౌండు పోతే పోయింది" అన్నాడు, గిన్నె వంక చూడకుండా.

"నేను అడిగానా నిన్ను నీడ?" అంది వీరవేణి. "ఇరవై ఏళ్ళు ఎండలో కూర్చున్నదాన్ని, నీ గడ్డి చచ్చిపోయిన చోట కూర్చుంటే చల్లగా ఉంటుందనుకున్నావా? తిను ముందు. ఎన్ని నీళ్ళు కావాలో చెప్పు."

"మనవల్ల కాదే. చెరువుడు కావాలి."

"ఒక్క గోలు దగ్గరికి ఎన్ని కావాలో చెప్పు."

అలా మొదలైంది ఐసు సంగతి. చేపలమ్మేవాళ్ళకి నీళ్ళు కరువు గాని ఐసు కరువు కాదు. ఐసు ఫ్యాక్టరీకి సొంత ఏర్పాటు ఉంది, దూరం నుంచి మంచినీళ్ళు తెప్పించుకుంటారు. వీరవేణి మధ్యాహ్నం బేరాలయ్యాక ఫ్యాక్టరీ నడిపే చినబాబు దగ్గరికి వెళ్ళింది. విరిగిన దిమ్మలు లెక్కలో అమ్ముడుపోవు, వాటిని మురిక్కాలవలో పడేస్తారని ఆమెకి తెలుసు.

"దేనికి పిన్నీ?" అన్నాడు చినబాబు.

"గడ్డికి."

"గడ్డికి ఐసా? మా బాబాయికి ఎండ తగిలిందా ఏంటి?" అని నవ్వాడు గాని, సాయంత్రానికి రిక్షా బండిలో విరిగిన దిమ్మలన్నీ గ్రౌండుకి పంపించాడు. ఆ రోజు నుంచి రోజూ పంపించాడు. మధ్యలో కొన్ని విరగని దిమ్మలు కూడా వచ్చేవి. అడిగితే, చెయ్యి జారిందనేవాడు.

గరిక మీద చలి నేరుగా తగలకూడదని ముందు వరి ఊక పరిచి, దాని మీద దిమ్మలు పెట్టాడు పల్లంరాజు. అవి మెల్లగా కరిగి, బొట్టుబొట్టుగా లోపలికి దిగేవి. నీళ్ళు నిలగట్టినదానికంటే నయంగా ఉప్పుని కిందికి తోసుకుపోయేవి. చేపలమ్మే ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్తూ, తాగగా మిగిలిన బిందెల నీళ్ళు తెచ్చి అక్కడే వంచేవారు. లోవలక్ష్మి అనే ఆవిడ గేటు దగ్గర చెప్పులు విడిచి, బిందె దించి, "ఆడేది ఎవరో, తడిపేది మనమా" అని వేళాకోళమాడేది. మర్నాడు మళ్ళీ వచ్చేది.

పదిరోజులకి నదివైపు గోలు ముందు నాలుగు మంచాలంత మేర గరిక పచ్చగా తేరుకుంది. మిగతా గ్రౌండంతా ఎండిన చేపచర్మంలా తెల్లబారి ఉంది. ఆ పచ్చటి ముక్క చూస్తే పల్లంరాజుకి ఆశ పుట్టేది కాదు, ఇంకా దిగులయ్యేది. ఇన్ని చేతులు కలిస్తే ఇంతే అయింది.

వచ్చే రోజు రానే వచ్చింది. సంఘం నుంచి జానకిరామ్ గారు కారు దిగారు. యాభై ఏళ్ళ మనిషి, ఒకప్పటి ఆటగాడు, మోకాలి దెబ్బతో కొంచెం కుంటుతారు. గేటు దగ్గర వరసగా ఉన్న చెప్పులు చూసి ఏమీ అడగకుండా తనవీ విడిచారు. గ్యాలరీ మెట్లెక్కి చూశారు. గదుల్లో కుళాయిలు తిప్పి చూశారు.

"చాలా బాగా చేయించారండి మాస్టారూ. రాష్ట్రంలో ఇంత శుభ్రమైన గదులు తక్కువ" అన్నారు. శ్రీనివాసరాజు గారి మొహం ఒక్క క్షణం వెలిగింది.

తరవాత ఆయన బంతి తీసుకుని నేల మీదికి దిగారు. నడుమ నిలబడి మెల్లగా దొర్లించారు. బంతి గరగరమని పొర మీద పోయి, ఎగిరి పక్కకి తిరిగింది. ఇంకోచోట దొర్లించారు. అదే. వంగి గుప్పెడు మట్టి తీశారు. ఊకలా పొడిపొడిగా రాలింది.

"ఈ మట్టి ఎక్కడిదండి?"

నీడలో కుర్చీలు వేసి ఉన్నాయి. మొదటి కుర్చీలో శాలువా కప్పుకుని, దాతగా పిలిచిన ఆంజనేయరాజు గారు కూర్చున్నారు. శ్రీనివాసరాజు గారు ఆ కుర్చీ వైపు చూశారు.

"నేను వేసిన మట్టేనండి" అన్నాడు పల్లంరాజు ముందుకి వచ్చి. "చూసుకోకుండా వేశాను. తప్పు నాది."

ఆంజనేయరాజు గారు అతని వంక చూశారు. తరవాత తన పాదాల వంక చూసుకున్నారు.

జానకిరామ్ గారు నదివైపు గోలు దాకా నడిచి, పచ్చటి ముక్క దగ్గర ఆగారు. అరిపాదంతో తడిమారు. వల పట్టుకుని ముడులు లెక్కపెడుతున్నట్టు వేళ్ళు పోనిచ్చారు.

"ఈ వల?"

"చేత్తో కట్టిందేనండి."

"ఇక్కడొక్కచోటే ఎలా బతికింది గడ్డి?"

"ఐసు పెట్టామండి."

మజ్జిగ ఇస్తే జానకిరామ్ గారు తాగి, గ్లాసు తనే కడిగి పెట్టారు. "మాస్టారూ, గ్యాలరీ లేకపోతే టార్పాలిన్లు కట్టుకుని జనాన్ని కూర్చోబెట్టగలం. గ్యాలరీ మీద ఆట ఆడించలేం కదండి. ఈ నేల మీద ఆడితే మోకాళ్ళు పోతాయి. నాది అలాగే పోయింది" అన్నారు.

"ఒక్క వానాకాలం పోతే ఉప్పు కడుక్కుపోతుందండి" అన్నారు మాస్టారు.

"పోతుందండి, నాకూ తెలుసు. ఆటలు ఆగస్టులోనే. కాగితం మీద ఇవాళ చూసింది రాయాలి." పల్లంరాజు వైపు తిరిగారు. "ఏమనుకోకు."

"చూసినట్టే రాయండి. లేనిది రాయమని ఎలా అడుగుతానండి" అన్నాడు పల్లంరాజు.

పదిరోజులకి కాగితం వచ్చింది. ఆటలు వేరే ఊరికి ఇచ్చారు. ఆ తరవాతి సోమవారం కొలతలవాళ్ళు వచ్చి, మార్కెట్టు కోసం గ్రౌండు పొడుగునా కర్రమేకులు దిగగొట్టారు. వాళ్ళలో ఒకతను పచ్చటి ముక్క దగ్గరికి వచ్చి, మేకు చేతిలో పట్టుకుని తటపటాయించాడు. గేటు వైపు చూసి, రెండడుగులు ఇవతలకి జరిగి ఎండిన చోట కొట్టాడు. కొలత తేడా వస్తుందని పక్కవాడంటే, తరవాత సరిచేద్దాంలే అన్నాడు.

జూన్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం వాన దిగింది. వీరవేణి గొడుగు కింద గంపలు సర్దుకుంటూ చూస్తే, పల్లంరాజు పార భుజాన వేసుకుని గ్రౌండులోకి వెళ్తున్నాడు. మేకుల మధ్యనుంచి నది వైపుకి, ఉప్పునీళ్ళు పోవడానికి సన్నగా బోదె తీయడం మొదలుపెట్టాడు.

ఆమె తడుస్తూ వచ్చింది. "మార్కెట్టు కట్టే నేలకి ఉప్పుంటే ఏంటి, లేకపోతే ఏంటయ్యా?"

"ఉప్పుతో వదిలేసి పోలేనే" అన్నాడు, పార ఆపకుండా. "నా చేత్తో వేశాను."

ఆమె చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, అతను తవ్విన మట్టి చేతుల్తో ఎత్తి గట్టున వేయసాగింది.

కొంతసేపటికి గేటు దగ్గర కారు ఆగింది. ఆంజనేయరాజు గారు దిగారు. గొడుగు పట్టబోయిన డ్రైవరుని వద్దన్నారు. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, మేకులు దాటుకుంటూ వచ్చారు. మొట్టమొదటి రోజు ట్రాక్టరు మట్టి దించిన చోటే నిలబడ్డారు.

"చెరువు ఎండబెట్టాక పడ్డ రెండు వానలకి ఉప్పు దిగిపోయుంటుందనుకున్నానయ్యా. చెప్పాల్సిన మాట చెప్పలేదు నేను" అన్నారు. "నువ్వైనా ఆ రోజు నోట్లో వేసుకుని చూడాల్సింది."

"మీరు ఎదురుగా ఉన్నారండి" అన్నాడు పల్లంరాజు.

ఆంజనేయరాజు గారు వంగి, నానిన మట్టి చిటికెడు తీసి నోట్లో వేసుకున్నారు. ఉమ్మేయలేదు. కళ్ళు మూసుకుని మింగారు.

"ఇంకా ఉంది" అన్నారు. "ఇంకో పార ఉందా?"

గ్యాలరీ కింద ఉందని వీరవేణి చేయి చూపించింది. ఆయన నీలం రంగు మెట్ల వైపు నడిచారు. పల్లంరాజు బోదె నదివైపుకి ఇంకొంచెం తెరిచాడు. బోదె నిండి, తెల్లటి నురగతో నీళ్ళు మేకుల పక్కనుంచి గోదావరి వైపుకి కదిలాయి.